జాజు కింది పలక

ఎరుపు రంగంటే నాకు పడదు. ఎర్రచీర కట్టను, కిటికీకి ఎర్ర పరదా వేయను. గోదావరికి మహారాష్ట్ర వైపున్న అంకిసలో మా ఇంటి గేటుకు రంగు వేయడానికి వచ్చినవాడు "మేడం, లాల్ కలర్ ఏస్తే మస్తు కనవడ్తది" అంటే వాణ్ణి కసిరి నీలిరంగు తెప్పించాను. పిచ్చిది అనుకుని ఉంటాడు. మా దిక్కు నలభై దాటినవాళ్ళను ఎవరినైనా అడగండి, నాకు పిచ్చి లేదని చెబుతారు. అడవిలోనో రోడ్డు పక్కనో ఎర్రరంగు పూసిన దిమ్మె కనబడితే తల తిప్పుకుని పోవాలని మాకు చిన్నప్పుడే నేర్పారు. అది లోపలివాళ్ళు తమలో చనిపోయినవాళ్ళ కోసం కట్టుకున్న స్తూపం. లోపలివాళ్ళంటే అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళు. ఆ మాట కూడా మేం గొంతు తగ్గించే అంటాం. దిమ్మెను చూశావా అని పోలీసులు అడుగుతారు, పోలీసులకు ఎందుకు చెప్పావని లోపలివాళ్ళు అడుగుతారు. ఇప్పుడు వాళ్ళు బాగా తగ్గిపోయారని, చాలామంది లొంగిపోయారని పేపర్లో వస్తోంది. నిజమే అయ్యుంటుంది. రోడ్లు పడ్డాయి, ఫోన్లు పనిచేస్తున్నాయి. కానీ నా గుండెకు పేపరు చదవడం రాదు కదా, అది ఇంకా పాత పద్ధతిలోనే కొట్టుకుంటోంది.

నా పుట్టిల్లు బామ్ని దారిలో ఒక చిన్న ఊరు. చుట్టూ వరి పొలాలు. ఊరు మొదలయ్యే చోట రోడ్డు మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో, మా పొలం గట్టుకు ఆనుకుని, నడుమెత్తు రాయి ఒకటి పాతి ఉంటుంది. మేం దాన్ని పోశమ్మ అనేవాళ్ళం. ఏటా వానాకాలంలో, నాట్లు సగం పడ్డాక, మా అమ్మ ఆ రాయికి మట్టి మెత్తి జాజు పూసేది. జాజంటే ఎర్రమట్టి కలిపిన నీళ్ళే. నెత్తిన సున్నం పట్టీ ఒకటి వేసి, దీపం పెట్టి, ఆకులో అన్నం పెట్టేది. ఆ అన్నం పక్కన ఒక చుట్ట, చిన్న ముంతలో కల్లు కూడా పెట్టేది. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళు పసుపూ కుంకుమా పెట్టి పోయేవాళ్ళు కానీ, చుట్ట పెట్టేది మా ఇంటివాళ్ళే. "పోశమ్మ చుట్ట తాగుతదానే?" అని నేను ఒకసారి అడిగితే నెత్తిన ఒక్కటి పెట్టింది. "ఏం పెట్టాల్నో మా అత్త చెప్పింది. ఇగ నువ్వు చెప్తవా?" అంది. నేను మళ్ళీ అడగలేదు.

జాజు పాపం బీద రంగు. నాలుగు పెద్ద వానలు పడితే వెలిసిపోయి రాయి మళ్ళీ మట్టి రంగుకు వస్తుంది. మళ్ళీ ఏడాది పూస్తారు. రోడ్డు మీద పోయే వాళ్ళెవరూ దాన్ని పట్టించుకునేవాళ్ళు కాదు.

నేను చెప్పబోయేది ఈమధ్య జరిగిందే. జులై ఆఖరు. గోదావరి నిండుగా పారుతోంది, వానకు మా మరాఠీ బడికి సెలవులిచ్చారు. నేను అక్కడ టీచరమ్మను. సెలవు కదా అని స్కూటీ మీద అమ్మ దగ్గరికి బయల్దేరాను. మలుపు తిరిగాను. బండి ఆపేశాను. రాయి ఎర్రగా, తడితడిగా మెరుస్తోంది. వాన నీళ్ళు దాని మీద నిలవకుండా జారిపోతున్నాయి. నెత్తిన తెల్ల పట్టీ స్కేలు పెట్టి గీసినంత నీటుగా ఉంది. అది జాజు కాదు, ఆయిల్ పెయింట్. పైగా ఆ వారం మామూలు వారం కాదు. లోపలివాళ్ళు తమ చనిపోయినవాళ్ళను తలుచుకుని స్తూపాలు కట్టే వారం. ప్రతి జులైలో ఆ వారం వస్తే బస్సులు కూడా భయపడి తిరిగేవి.

ఇంట్లోకి అడుగు పెట్టకముందే అరిచాను. "ఎవడురా ఆ రంగేసింది?"

నా తమ్ముడు బయటికి వచ్చాడు. నాకంటే పదేళ్ళు చిన్న, ఒక్కడే తమ్ముడు. ట్రాక్టరు నడుపుతాడు. భయమనేది వాడికి తెలియదు, ఎందుకంటే భయం బాగా ఉన్న రోజుల్లో వాడింకా పుట్టలేదు, లేదా చంకలో ఉన్నాడు. "నేనే అక్కా. ట్రాలీకి కొట్టంగ డబ్బల ఇంత మిగిలింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులాయె, ఏటా ఏం పూస్తది? ఒక్కసారి కొడితే అయిదేండ్లు ఉంటది" అన్నాడు, శభాష్ అంటానని చూస్తూ.

"నీ మొఖం. ఈ వారంల ఎర్రరంగేస్తవారా? కండ్లు దొబ్బినయా?"

"పోశమ్మకు ఎర్రరంగు గాక ఇంకేం ఏస్తరక్కా? నువ్వు మస్తు పరేషాన్ అయితవ్. గా రోజులు పోయినయ్."

కిరసనాయిలు పెట్టి తుడిచేయమన్నాను. గడప మీద కూర్చున్న అమ్మ ఒప్పుకోలేదు. "పూసినంక తుడుస్తరా ఎవలన్న? అరిష్టం" అంది. ఆవిడ ముఖంలో సంతోషమే ఉంది. కొడుకు చేశాడు కదా. వీళ్ళిద్దరితో వాదించడం నా వల్ల కాలేదు. ఆ రోజంతా వాకిట్లోకి వచ్చి మలుపు వైపు చూడడం, లోపలికి పోవడం, మళ్ళీ రావడం, ఇదే నా పని అయింది.

మరుసటి రోజు పొద్దున్నే పోలీసులు వచ్చారు. రావడం కొత్త కాదు. రోడ్డుకు రెండు పక్కలా వరుసగా నడుస్తూ, ముందు ఒకడు పొడుగు కర్రకు తగిలించిన యంత్రాన్ని నేల మీద ఆడిస్తూ పోతుంటారు. ఇనుమో ఇత్తడో ఉంటే అది కూస్తుంది. మా ఊరు దాటి అలాగే పోతారు. ఆ రోజు మలుపు దగ్గర ఆగిపోయారు. ముందువాడు యంత్రాన్ని రాయి దగ్గరికి తీసుకుపోయాడు. అది కూసింది. మా వాకిట్లోకి వినబడేంత గట్టిగా కూసింది. ఒక్క క్షణంలో వాళ్ళంతా పొలాల్లోకి దూకి బురదలో బోర్లా పడుకున్నారు. ఊళ్ళో తలుపులు మూసిన చప్పుడు ఒకదాని తర్వాత ఒకటి వినబడింది. ఎవరూ చెప్పకుండానే అందరూ మూసేశారు.  రాయిలో లోహం ఎక్కడిది? రాత్రికి రాత్రి ఎవరైనా ఏమైనా పెట్టిపోయారా?

కాసేపటికి ఇద్దరు మా ఇంటికి వచ్చారు. రంగు ఎవరు వేశారని అడిగారు. నేను నోరు తెరవకముందే వెనక నుంచి మావాడు "నేనే సాబ్" అన్నాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. వాళ్ళు చెయ్యి కూడా వేయలేదు. మర్యాదగానే "చౌకశీ కరూన్ పాఠవతో" అన్నారు. విచారించి పంపిస్తాం అని దానర్థం. చెప్పులు వేసుకుని వాళ్ళ వెంట నడిచాడు. అప్పుడు అమ్మ గడప పట్టుకుని కూర్చుండిపోయింది, ఎందుకంటే ఆ మాట మేమిద్దరం ఇంతకుముందు విన్నాం.

మా నాన్నను తీసుకుపోయినప్పుడు నేను ఆరో తరగతి. అంతకుముందు రోజు సాయంత్రం లోపలివాళ్ళు వచ్చి అన్నం వండిపెట్టమన్నారు. తుపాకీ భుజాన వేసుకున్నవాడికి బియ్యం లేవని ఎవరు చెప్తారు? అమ్మ వండింది, వాళ్ళు తిన్నారు, పోయారు. పొద్దున పోలీసులు వచ్చి విచారించి పంపిస్తామన్నారు. పంపించారు కూడా. కొన్ని రోజులకు నాన్న తిరిగొచ్చాడు. ఒంటి మీద దెబ్బ కనబడలేదు. కానీ ఆ తర్వాత ఎవరేమడిగినా ముందు తలుపు వైపు చూసి, ఆ తర్వాత జవాబు చెప్పేవాడు. కూర బాగుందా అని అడిగినా అంతే. పొలంలో పాటలు పాడే మనిషి, మళ్ళీ గొంతెత్తి పాడగా నేను వినలేదు. పోయేదాకా అలాగే ఉన్నాడు. నా తమ్ముడు కూడా అలా తిరిగొస్తాడేమోనని నాకు భయం. తిరిగి రాడేమోనన్న భయాన్ని నేను దగ్గరికి రానివ్వలేదు.

అమ్మను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని ఠాణాకు బయల్దేరాను. వాన కొడుతోంది. దారి పొడుగునా తిడుతూనే ఉన్నాను. తమ్ముణ్ణి తిట్టాను, ట్రాలీని తిట్టాను, పెయింటు డబ్బా అమ్మినవాణ్ణి తిట్టాను, ఆఖరికి పోశమ్మను కూడా తిట్టాను. నోరు ఆడుతుంటే భయం కొంచెం తగ్గుతుంది నాకు. 

ఠాణా ముందు ఇసుక బస్తాలు, ముళ్ళతీగ. లోపల కుర్చీలు చూపించి కూర్చోమన్నారు, చాయ్ ఇచ్చారు. వాళ్ళు కసిరి ఉంటే నాకింత భయం వేసేది కాదేమో. పక్క గదిలోంచి దగ్గు వినబడింది. నా తమ్ముడిదే. వాడికి భయం వేస్తే దగ్గొస్తుంది, చిన్నప్పుడు లెక్కల పరీక్ష ముందు కూడా వచ్చేది. అంటే వాడికి ఇప్పుడు తెలిసొచ్చిందన్నమాట. ఆ దగ్గు వింటూ చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. తాగలేకపోయాను.

ఆఫీసరు చిన్నవాడు. ముప్పై ఉంటాయేమో. పడమటి వైపు నుంచి వచ్చినట్టు మరాఠీ యాసలోనే తెలుస్తోంది. మర్యాదగా మాట్లాడాడు. ఈ వారంలో, రోడ్డు మలుపులో, కొత్తగా ఎర్రరంగు పడిన దిమ్మె, లోపల లోహం. నేనైతే ఏమనుకోవాలి మేడం, అని నన్నే అడిగాడు. రంగు ఎవరిచ్చారు, వేయమని ఎవరు చెప్పారు అన్నాడు. ట్రాలీ సంగతి చెప్పాను. పోశమ్మ అని చెప్పాను. "దేవతలో లోహం ఎందుకుంటుంది?" అన్నాడు.  బాంబులు తీసేవాళ్ళు వస్తున్నారని, అనుమానం ఉంటే దూరం నుంచి పేల్చేస్తారని చెప్పాడు. లోపల ఏమైనా దొరికితే మీ తమ్ముడి విషయం నా చేతుల్లో ఉండదు అన్నాడు.

"ఏమంటుండు?" అంది అమ్మ. ఆవిడకు మరాఠీ బజారు వరకే వస్తుంది. చెప్పాను.

"బాంబు లేదు. అండ్ల ఇత్తడి పలక ఉన్నది" అంది.

"ఏం పలకనే?"

"లడాయికి పోయి రానోళ్ళ పలక."

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఏ చోట కూర్చుని ఏం మాట అంటోంది ఈవిడ! కొట్లాటకు పోయి తిరిగిరానివాళ్ళు. సరిగ్గా అలాంటివాళ్ళ కోసం రాళ్ళు లేస్తున్నాయని కదా మమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టింది. చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లాను. విదిలించుకుంది. తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబులు మా దిక్కు పిల్లవాడే, తెలుగు వచ్చు. తలెత్తి ఆఫీసరుకు ఉన్నదున్నట్టు మరాఠీలో చెప్పేశాడు. ఆఫీసరు కలం కింద పెట్టాడు. "ఎవరు పోయారు? ఏ లడాయికి?" అన్నాడు. పక్క గదిలో దగ్గు ఆగిపోయింది.

రోజంతా పిల్లలకు చెప్పే మరాఠీ, ఆ గదిలో నా నోటికి రానంది. అమ్మ మాత్రం ఆగలేదు. నేను తడబడితే కానిస్టేబులు అందుకున్నాడు.

"ఇప్పటిది గాదు సారూ. తెల్లోల్ల సర్కారప్పుడు. మా అత్తకు మామ, అంటె నా పెనిమిటికి తాత. పటేలు దగ్గర జీతమున్నడు. పెద్ద లడాయి వచ్చింది, మన్సులు కావాలె అని పటేలుకు హుకుం వచ్చింది. పటేలు తన కొడుకులను తోల్తడా? జీతగాళ్ళను తోలిండు. ఆర్నెల్లల్ల వస్తరు అన్నడట. గోదారి దాటిచ్చి తీస్కపోయిండ్రు. తుపాకులు గూడ ఇయ్యలేదట, మూటలు మోసుడే. పోయినోళ్ళల్ల కొందరే వచ్చిండ్రు, ఈయన రాలే. కొన్నేండ్లకు సర్కారు పలక పంపింది. జీతగాళ్ళది ఊరి నడుమ ఎందుకని పటేలు ఊరి బయట పాతిచ్చిండు. పీనుగ లేదు, బొంద లేదు. ఆయన పెండ్లాం గా రాయి దగ్గర్నే కూసుండి ఏడ్సేదట. ఆయనకు చుట్ట ఇష్టం, కల్లు ఇష్టం. గవే పెట్టేది. తర్వాత మా అత్త పెట్టింది, ఇగ నేను పెడ్తున్న."

"మరి పోశమ్మ ఏంది?" అన్నాను నేను. ఆఫీసరుకు అనువదించడం మర్చిపోయాను.

"మీ నాయినే అన్నడు పోశమ్మ అని. నువ్వు చిన్నగున్నప్పుడు లోపలోళ్ళు సర్కారుదేది కనవడ్డ పలగ్గొడ్తుండిరి. బడి గోడ పలగ్గొట్టిరి, పంచాయితీ తలుపు కాలవెట్టిరి. గీ పలక మీద సర్కారు రాత ఉన్నది, ఇదెవ్వలది, సర్కారుకు నౌకరీ చేసినోళ్ళు మీ ఇంట్ల ఉన్నరా అని అడిగితే ఏం చెప్పాలె? అందుకే మీ నాయినా మీ నాయినమ్మా కలిసి పలక కనవడకుంట మట్టి మెత్తి, మీదికెల్లి జాజు పూసి, సున్నమేసి, ఇది పోశమ్మ అన్నరు. పోశమ్మను ఎవ్వలు ముట్టరు."

"నాకెందుకు చెప్పలేదే ఇన్నేళ్ళు?"

"చెప్తే నువ్వు నోరు మూస్కుంటవా?"

ఆ గదిలో నాకు నవ్వొచ్చిందంటే నమ్మరు. వెంటనే ఏడుపొచ్చింది. ఒకళ్ళకు భయపడి ఎర్రగా పూశారు. ఆ ఎర్రరంగే ఇప్పుడు రెండోవాళ్ళను ఇంటికి తెచ్చింది. నాన్న బతికుంటే తలుపు వైపు చూసి ఏమనేవాడో నాకు తెలియదు.

ఆఫీసరు నమ్మినట్టూ లేడు, నమ్మనట్టూ లేడు. బయటికి పోయి చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. తిరిగొచ్చి "చూద్దాం. మీ అమ్మ చెప్పింది నిజమైతే ఇవాళే ఇంటికి తీసుకుపోండి" అన్నాడు. 

మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. బాంబులు తీసేవాడు వచ్చి రాయి చుట్టూ పొట్ట మీద పాకాడు. మమ్మల్ని చాలా దూరంగా నిలబెట్టారు. తమ్ముడు జీపులో, ఇద్దరి మధ్యన కూర్చున్నాడు. చేతులు కట్టలేదు, అదొక్కటే నాకు ధైర్యం. ఊరి జనం గోడల వెనక నుంచి చూస్తున్నారు. చివరికి అతను లేచి, కింద ఏమీ లేదు, లోహం రాయి ముందువైపు రంగు కిందే ఉంది అన్నాడు. రంగు గీకమని ఆఫీసరు ఊరివాళ్ళ వైపు తిరిగాడు. ఒక్కరూ కదలలేదు. "పోశమ్మను గీకుడేంది సాబ్" అని ఒక పెద్దాయన గొణిగి గోడ చాటుకు తప్పుకున్నాడు. నేను గీకుతానని తమ్ముడు జీపు దిగబోయాడు.

"నువ్వు ముట్టకు!" అని అరిచింది అమ్మ. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఆ బురదలో నడుచుకుంటూ పోయి రాయి ముందు కూలబడి, గట్టు మీది కొడవలి తీసుకుని దాని వెనుక అంచుతో గీకడం మొదలుపెట్టింది. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఆయిల్ పెయింటు పొరలు పొరలుగా లేచి వచ్చింది. దాని కింద జాజు, సున్నం, మళ్ళీ జాజు, ఎండి అట్టగట్టిన మట్టి. ఏళ్ళ తరబడి అమ్మ పూసినవన్నీ గోళ్ళలోకి వస్తున్నాయి.  పలక మీద ఏ రాతా లేకపోతే? అత్త చెప్పింది కోడలు విన్నది, ఇందులో నిజమెంత, కల్పన ఎంత? ఎప్పుడో ఎవరో ఆ పలక ఊడదీసి ఇంకేదో తగిలించి ఉంటే? కన్నతల్లి మాటనే నేను నమ్మలేకపోయాను ఆ కాసేపు. వెనక జీపులోంచి మళ్ళీ దగ్గు మొదలైంది.

ముందు ఇత్తడి అంచు తగిలింది, పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆ తర్వాత అక్షరాలు. పైన ఇంగ్లీషు, కింద పాత మరాఠీ. కొంగుతో తుడిచి చదివాను. ముందు మరాఠీలో గట్టిగా, ఆఫీసరుకు వినబడేలా చదివాను. తర్వాత అమ్మకు తెలుగులో చెప్పాను. "ఈ ఊరి నుంచి తొమ్మిది మంది మహాయుద్ధానికి వెళ్ళారు. వారిలో నలుగురు ప్రాణాలిచ్చారు."

అంతే. ఇంకేమీ లేదు.

"పేర్లు?" అంది అమ్మ.

"లేవమ్మా."

"మంచిగ చూడు. కిందికి చూడు."

చూశాను. రాయి పక్కలా వెనకా కూడా మట్టి తీసి చూశాను. లేవు. "అయ్యో, ఆయన పేరు గూడ రాయలేదానే" అంది. నలుగురు అన్న మాట ఎక్కడుందో చూపించమని, దాని మీద వేలు పెట్టి అలాగే ఉంచింది. మా ముత్తాత పేరు మా ఇంట్లో ఆవిడకు ఒక్కదానికే తెలుసు. ఆ రోజు నాకూ చెప్పింది.

ఆఫీసరు దగ్గరికి వచ్చి వంగి చదివాడు. తర్వాత నిటారుగా నిలబడి పలకకు సెల్యూట్ చేశాడు. వెనక ఉన్నవాళ్ళు కూడా చేశారు. వాళ్ళ ఊళ్ళో కూడా ఇలాంటి పలకే ఉందట, ఇవే మాటలు, అంకెలే తేడా. చిన్నప్పుడు దాని మీద కూర్చుని ఆడుకునేవాడట. "మీ ఊరి నుంచి కూడా పోయారని నాకెవరూ చెప్పలేదు అమ్మా" అన్నాడు.  మంచి పిల్లవాడే. జీపు వైపు తిరిగి చెయ్యి ఊపాడు. తమ్ముడు దిగి మా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. వాడి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. అప్పటికి నేను సరిగ్గా ఊపిరి తీసుకున్నాను.

తీసుకున్న ఊపిరి వదలకముందే ఆఫీసరు ఫోన్ తీశాడు. ఫోటో తీద్దామన్నాడు. వీరుడి మునిమనవడు, పలక, పక్కన తను. రేపు పేపర్లో వేయిస్తానని, అన్ని గ్రూపుల్లోనూ పెడతానని చెప్పి, ప్రేమగా నా తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. మావాడు పొంగిపోయి జుట్టు సర్దుకుంటున్నాడు. నేను ఊరి వైపు చూశాను. గోడల మీద ఉన్న తలలు ఒక్కటొక్కటిగా కిందికి దిగిపోతున్నాయి. వాళ్ళకు అర్థమైంది. వెనకటి రోజుల్లో పోలీసులతో నవ్వుతూ నిలబడ్డవాడి గురించి ఇన్ఫార్మరని లోపలివాళ్ళు రాసిన కాగితం రోడ్డు మీద దొరికేది. తర్వాత ఇంకో మలుపులో వాడు దొరికేవాడు. ఇప్పుడు ఆ రోజులు లేవు, నాకు తెలుసు. లేవని ఎవరు రాసిస్తారు? వద్దు అని ఆ ఆఫీసరుకు ఎలా చెప్పాలి? వద్దంటే ఎందుకు వద్దని అడగడా? 

అమ్మ లేచింది. నా భుజం పట్టుకుని లేచి, కొడుకును ఆఫీసరు చేతి కింది నుంచి లాగి పక్కకు నెట్టింది. "పో. పొద్దటిసంది బర్లకు కుడితి లేదు, పో బిడ్డా" అంది. వాడు నీళ్ళు నమిలాడు. "పో అంటున్ననా!" అని గదిమింది. వాడు పోయాడు. ఆవిడ చీర సర్దుకుని పలక పక్కన నిలబడింది.

"నన్ను తియ్ సారూ. ఆనికేం తెల్వది, రంగెయ్యమంటె ఏసిండు. ఇది మా అత్త నాకిచ్చింది, నాదే."

నేను అనువదించాను. ఆ మాటలకు నావి కూడా కలిపాను. ఇది మా వంశంలో ఆడవాళ్ళ మొక్కు, మగవాళ్ళు నిలబడకూడదు అని చెప్పాను. తెలుగు తెలిసిన కానిస్టేబులు నా వైపు చూశాడు, నేనూ అతని వైపు చూశాను. అతను ఏమీ అనలేదు. మా దిక్కు పిల్లవాడే కదా. తర్వాత నేను పోయి అమ్మ పక్కన నిలబడ్డాను.

"నువ్వెందుకే? నీకు పిల్లలున్నరు" అంది పెదాలు కదపకుండా.

"నోరు మూసుకుని ముందుకు చూడు" అన్నాను.

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఫోటో తీశాడు. తర్వాత జేబులోంచి కలం తీసి, కింద వేయడానికి పేర్లు చెప్పమన్నాడు. నా పేరు గొంతు దాకా వచ్చి ఆగింది. ఏమడుగుతున్నాడని అమ్మ అడిగితే చెప్పాను.

"పేరొద్దని చెప్పు. ఆ నలుగురికి ఏసిండ్రా? మాకెందుకు?" అంది.

దీనికి నేనేమీ కలపలేదు. ఉన్నదున్నట్టు మరాఠీలో చెప్పాను. ఆయన వంగి పలకను ఇంకోసారి చూశాడు. కలం జేబులో పెట్టుకున్నాడు.

ఫోటో మర్నాడు పేపర్లో వచ్చింది. అమ్మకు చదివి వినిపించాను. "ఈ ఊరికి చెందిన ఇద్దరు మహిళలు" అని ఉంది. అంతే ఉందా అని అడిగింది. అంతే ఉందన్నాను. సరే అని లేచి, తమ్ముణ్ణి లోపలికి పిలిచి అన్నం పెట్టింది.